కమ్మరి కొడుకు గీసిన పటం

శాస్త్ర చరిత్రను మేధావుల జీవితచరిత్రగా చెప్పడం మనకు పాత అలవాటు. పాఠాలు చెప్పి బతికే నేనూ చాలాకాలం అలాగే చెప్పాను. విలియం స్మిత్ జీవితం చదివిన తర్వాత ఆ పద్ధతి నాకు రుచించలేదు.

స్మిత్ 1769లో ఇంగ్లండులో, ఒక పల్లె కమ్మరి ఇంట పుట్టాడు. కళాశాల ఎరుగడు. 1790లలో సోమర్సెట్ బొగ్గును బజారుకు చేర్చడానికి గనుల యజమానులు కాలువ తలపెట్టారు. దానికి సర్వేయరు స్మిత్. గనుల్లోకి దిగి, కాలువ కోతలు పరిశీలించి, రాతిపొరలు ఎక్కడ చూసినా ఒకే వరుసలో ఉన్నాయని అతడు గ్రహించాడు. గాని వరుస ఒక్కటే చాలదు. చూపుకు ఒకేలా ఉండే పొరలు అనేకం. ఎన్నో మైళ్ల అవతల బయటపడిన బంకమట్టి ఈ పొరేనా, మరొకటా? జవాబు అందులోని గుల్లలు చెప్పాయి. ఒక్కొక్క పొరకు దానికే చెందిన శిలాజాలున్నాయని 1796లోనే రాసుకున్నాడు. కారణం అతనికి తెలియదు. అంతరించిన జాతి మళ్లీ పుట్టదు గనుకనే శిలాజం కాలానికి గుర్తు అయిందని పరిణామవాదం తర్వాత వివరించింది.

ఈ పద్ధతితో కాలినడకనా, బండిమీదా దేశమంతా తిరిగి, 1815లో ఇంగ్లండు, వేల్సుల భూగర్భ పటం ప్రచురించాడు. 1807లో పెద్దమనుషులు పెట్టుకున్న లండన్ జియలాజికల్ సొసైటీ అతన్ని సభ్యుడుగా పిలవలేదు. పైగా దాని తొలి అధ్యక్షుడు గ్రీనో, స్మిత్ శ్రమను వాడుకుని, 1820లో తక్కువ ధరకు మరో పటం తెచ్చాడు. అంతకుముందే, 1819లో, స్మిత్ అప్పులకింద జైలుకు వెళ్లాడు. తప్పంతా సొసైటీదే అనను. రాతిగని వ్యాపారంలో అతడు చేతులు కాల్చుకున్నాడు. కాని వారసత్వపు ఆస్తి ఉన్నవాడికి శాస్త్రం తీరుబాటు పని. లేనివాడికి అది అప్పుపత్రం.

1831లో అదే సొసైటీ తన తొలి వొలాస్టన్ పతకం అతనికిచ్చింది. గ్రీనో పటానికి ఆధారం స్మిత్ పటమేనని ముద్రించడానికి మాత్రం 1865 దాకా ఆగింది. స్మిత్ 1839లోనే చనిపోయాడు.

దామోదర్ లోయ బొగ్గుపొరలనూ, మన గోదావరి లోయ బొగ్గుపొరలనూ ఒకే యుగానివని కలిపిచెప్పే సాక్షులలో గ్లాసాప్టెరిస్ ఆకుల ముద్రలు ముఖ్యమైనవి. ఆ సంగతి తరగతిలో చెప్పేటప్పుడు ఇప్పుడు నేను మరో ప్రశ్న కూడా వేస్తున్నాను: ఆ పొరను మొదట తెరిచిన గునపం ఎవరి చేతిలో ఉంది?