హ్మాంగ్ రోమన్ లిపి: టోన్ల రాత

లావోస్, వియత్నాం, దక్షిణ చైనా కొండ ప్రాంతాల్లో మాట్లాడే హ్మాంగ్ భాషకు 1951-53 మధ్య లావోస్‌లో రూపొందించిన రాతపద్ధతి ఇది. క్రైస్తవ మిషనరీలు లిన్‌వుడ్ బార్నీ, విలియం స్మాలీ, ఈవ్ బెర్ట్రేలు హ్మాంగ్ మాట్లాడేవారి తోడ్పాటుతో దీన్ని తయారుచేశారు.

హ్మాంగ్‌లో గొంతు పెంచామా, దించామా అన్నదాన్ని బట్టి మాట అర్థమే మారిపోతుంది; ఈ గొంతు స్థాయినే టోన్ అంటారు. చైనీస్ పిన్‌యిన్‌లో, వియత్నామీస్‌లో టోన్ గుర్తులు అచ్చు మీదో కిందో పడతాయి. ఇక్కడ అలా కాదు: మాట చివర ఒక హల్లు రాస్తారు, దాన్ని పలకరు. హ్మాంగ్ మాటలు అచ్చుతోనో 'ఙ' లాంటి అనునాసికంతోనో ముగుస్తాయి. ఆ అనునాసికాన్ని అచ్చును రెండుసార్లు రాసి చూపిస్తారు. దాంతో చివరి చోటు హల్లులకు ఖాళీగా మిగిలింది. మామూలు టైప్‌రైటర్ సరిపోయింది. చాలా తెలివైన ఏర్పాటు ఇది.

'పో' అనే ఒక్క పలుకునే చూడండి. చివర 'బి' రాస్తే ఎత్తు టోన్, అర్థం బంతి. 'జె' రాస్తే పైనుంచి దిగే టోన్, ఆడ అని. 'వి' అయితే విసరడం, 'ఎస్' అయితే ముల్లు, 'జి' అయితే నాయనమ్మ, 'ఎం' అయితే చూడటం. ఏ అక్షరమూ లేకపోతే మధ్యస్థాయి, ప్లీహం. 'జి' ఊపిరి కలిసిన గొంతును, 'ఎం' కిర్రుమనే గొంతును కూడా సూచిస్తాయి. 'డి' వాడకం అరుదు.

ఈ లిపిలో 'హెచ్-ఎం-ఓ-ఓ-బి' అని రాసే జాతి పేరునే పద్ధతి తెలియనివారు 'హ్మూబ్' అని చదువుతారు. అందుకే అమెరికాలో స్థిరపడిన హ్మాంగ్ కుటుంబాలు ఇంటిపేర్లను ఇంగ్లీషులో వేరుగా రాస్తాయి: 'వి-ఎ-జె' అక్కడ 'వాంగ్' అయింది.