తుర్కు: సంతే ఊరి పేరైంది

ఫిన్లాండ్ నైరుతి తీరంలో, ఔరా నది సముద్రంలో కలిసేచోట తుర్కు నగరం ఉంది. పేరు వినగానే టర్కీ గుర్తొస్తుంది కానీ, ఆ దేశానికీ ఈ ఊరికీ ఏ చుట్టరికమూ లేదు. పాత ఫిన్నిష్‌లో ‘తుర్కు’ అంటే సంత.

ఆ మాట ఫిన్నిష్‌లో పుట్టింది కాదు, తూర్పు నుంచి వచ్చింది. రష్యన్ భాషకు పూర్వరూపంలో సంతను ‘తుర్గు’ అనేవారు. అందులోని రెండు ఉకారాలనూ చాలా కురచగా పలికేవారు. ఫిన్నిష్ సొంత మాటల్లో ‘గ’ లేదు కాబట్టి అది ‘క’ అయింది. తర్వాతి కాలంలో రష్యన్‌లో మొదటి ఉకారం ఒకారంగా మారి, చివరిది రాలిపోయి ‘తోర్గ్’ మిగిలింది. ఫిన్నిష్ మాత్రం రెండు ఉకారాలనూ నిలబెట్టుకుంది. అంటే, రష్యన్ నోట అవి ఇంకా వినబడుతున్న రోజుల్లోనే ఈ మాట చేతులు మారిందన్నమాట. కిటికీని ఫిన్నిష్‌లో ‘ఇక్కున’ అంటారు, శిలువను ‘రిస్తి’ అంటారు. అవీ అలా తూర్పు నుంచి వచ్చిన పాత అరువులే.

మాట తూర్పుదైనా ఊరు ఎదిగింది పడమటి నీడలో. 1229లో పోప్ తొమ్మిదో గ్రెగొరీ ఫిన్లాండ్ బిషప్ పీఠాన్ని మరింత అనువైన చోటికి మార్చడానికి అనుమతించాడు. పీఠం ఔరా ఒడ్డుకు వచ్చింది. ఆ ఏడాదినే నగరానికి పుట్టిన సంవత్సరంగా లెక్కిస్తారు. స్వీడన్ ఏలుబడిలో ఊరికి ‘ఓబు’ అన్న స్వీడిష్ పేరూ స్థిరపడింది. ‘ఓ’ అంటే ఏరు, ‘బు’ అంటే నివాసం. ఒకరు సంతను బట్టి పిలిస్తే, మరొకరు ఏటిని బట్టి పిలిచారు. రెండు పేర్లూ నేటికీ అధికారికంగా చెల్లుతాయి.

సంతకు స్వీడిష్‌లో ‘తోర్య్’ అన్న మాట ఉంది. దాన్ని ఫిన్నిష్ ‘తోరి’గా తీసుకుంది. విచిత్రమేమిటంటే, ఆ స్వీడిష్ మాటా అదే ‘తుర్గు’ వేరు నుంచి వచ్చింది. ఒకే మాట ఫిన్లాండ్‌లోకి తూర్పు గుమ్మం నుంచి ఒకసారి, పడమటి గుమ్మం నుంచి మరోసారి అడుగుపెట్టింది! రెండోది వాడుకలో నిలిచింది, మొదటిది ఊరి పేరుగా మిగిలింది.

1827 నాటి అగ్నిప్రమాదంలో నగరంలో చాలా భాగం బూడిదైంది. వాస్తుశిల్పి కార్ల్ లుడ్విగ్ ఎంగెల్ గీసిన కొత్త ప్రణాళికతో సంత నది అవతలి ఒడ్డుకు తరలింది. కెథెడ్రల్ దగ్గరి పాత సంత మైదానం ‘వన్హ సూర్‌తోరి’, కొత్తది ‘కౌప్పతోరి’. రెండింట్లోనూ ఉన్నది ‘తోరి’యే. మామూలు మాటగా ‘తుర్కు’ జాడ ఇప్పుడు కనబడేది ముఖ్యంగా జాతీయాల్లో: నలుగురిలో, బాహాటంగా అనడానికి ఫిన్నిష్ వాళ్లు ‘తురుయిల్ల య తొరెయిల్ల’ అంటారు. తుర్కుల్లోనూ తోరిల్లోనూ అని.