గోధుమ పడని పిల్లకు బిస్కెట్

బిస్కెట్ మన ఇండ్లల్లకు వచ్చి ఎన్నో తరాలు కాలేదు. అమ్మమ్మల కాలంలో చుట్టాలింటికి పోతే సకినాలో, సత్తుపిండో మూటగట్టుకొని పోయేది. ఇప్పుడు దవాఖానల ఉన్నోళ్లను చూడవోయినా, పిల్లలు ఏడ్చినా చేతికి దొరికేది బిస్కెట్ పుడనే. గోధుమ పడని పిల్ల ఉన్న ఇంట్ల ఆ తల్లికి అదే కష్టం. అందరు పిల్లలు తింటుంటే ఆ ఒక్క పిల్లను పక్కకు తీసుకపోవాలె. మా బోయినపల్లి అక్కల పొయ్యి కాడ గోధుమ లేని బిస్కెట్ల ముచ్చట ఈ కష్టంతోనే మొదలైంది. ఆదాయ వ్యయాల లెక్కలు వేరే పేజీల్లో ఉన్నయి. ఇక్కడ ఈ బిస్కెట్ వెనుకున్న కథ రాస్తున్నం.

మన దిక్కు పాత తిండి జొన్న, మక్క, సజ్జ, కొర్ర. పొద్దున గటక, రాత్రి రొట్టె. వరి అన్నం చాలా ఇండ్లల్ల పండుగకే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినంక అన్నం రోజూ తిండి అయింది. గోధుమ దేశమంతా విరివిగా దొరకడం కూడా పాత సంగతి కాదు. 1956 నుంచి పీఎల్ 480 ఒప్పందం కింద అమెరికా గోధుమలు ఓడల్లో వచ్చినయి, ఆ తర్వాత హరిత విప్లవంతో మన దేశంలోనే పంట పెరిగింది. పార్లే వాళ్లు 1939లో బిస్కెట్లు మొదలుపెట్టిన్రు. దేశ విభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో హైదరాబాద్‌లో కరాచీ బేకరీ పెట్టిండు. బిస్కెట్ అంటే మైదా అనే మాట అట్ల స్థిరపడ్డది.

గోధుమ కొందరికి పడదని తెలిసిన కథ మాత్రం దూర దేశానిది. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో విల్లెం కారెల్ డికే అనే పిల్లల డాక్టరు ఉండేవాడు. కడుపు ఉబ్బి, విరేచనాలతో చిక్కిపోయే పిల్లలకు మందు దొరకని రోజులవి. అప్పటికి పేరున్న వైద్యం అరటిపండ్ల పథ్యం. న్యూయార్క్ డాక్టరు సిడ్నీ హాస్ 1924లో దాని గురించి రాసిండు. పిల్లలు కోలుకున్నది అరటిపండుతోని కాదు, ఆ పథ్యంలో రొట్టె లేకపోవడంతోని అని తర్వాత తేలింది. బ్రెడ్డు మానిపిస్తే బిడ్డ నయంగా ఉంటున్నదని ఒక తల్లి చెప్పిన మాటతోనే డికేకు అనుమానం మొదలైందని చెప్తరు. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల ఆ దేశంలో కరువు పడ్డది, గోధుమ రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో ఉంటే ఈ పిల్లలు కొందరు బాగుపడ్డరు. డికే 1950లో తన పరిశోధన గ్రంథంలో గోధుమే కారణమని రాసిండు. తల్లి మాటను డాక్టరు చెవినపెట్టడం మాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన సంగతి.

ఈ జబ్బు పేరు సీలియాక్. గోధుమలో, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే జిగురు దీనికి మూలం. గోధుమ అలర్జీ వేరు, ఇది వేరు. ఒక మాట గట్టిగ చెప్పాలె: అనుమానం వస్తే ముందే గోధుమ మానిపించొద్దు. తింటున్నప్పుడే రక్తపరీక్ష చేయించాలె, మానినంక చేస్తే సరిగ తేలదు.

ఇగ వంట ముచ్చట. పిండిని సాగేటట్టు పట్టి ఉంచేది ఆ జిగురే. జొన్నపిండిలో అది లేదు కాబట్టి బ్రెడ్డు చేయడం కష్టం, కానీ బిస్కెట్ సాగాల్సిన పని లేదు, గుల్లగ విరిగితే చాలు. మరి విడిపోకుండ పట్టేదేమిటి? జొన్నరొట్టె చేసే ప్రతి అక్కకు జవాబు తెలుసు: ఉడుకు నీళ్లు. 400 గ్రాముల పిండిలో మూడు పాళ్లు జొన్న, ఒక పాలు బియ్యప్పిండి. అందులోంచి పిడికెడు తీసి గటక లెక్క చిక్కగ ఉడికించి, చల్లారినంక మిగిలిన పిండి, 200 గ్రాముల నెయ్యి, 200 గ్రాముల బెల్లం పొడితో కలపాలె. అరగంట నాననీయకపోతే నోట్లో ఇసుక లెక్క తగులుతది. 160 డిగ్రీల వేడి మీద ఇరవై నిమిషాలు కాల్చి, పళ్లెంలనే చల్లారనీయాలె. వేడిమీద ముట్టుకుంటే పొడి పొడి అయితది. పాలు పడని పిల్లకు నెయ్యి కూడా వద్దు, అందుల పాల అంశం కొంచెం మిగిలే ఉంటది. కొబ్బరినూనె వాడొచ్చు.

అసలు చిక్కు వంటల లేదు, గిర్నిల ఉన్నది. గోధుమలు పట్టిన గిర్నిలనే జొన్నలు పడితే రాళ్ల సందున చిక్కిన పిండంతా మన పిండిల కలుస్తది. గ్లూటెన్ లేదని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటొద్దని మన దేశ ఆహార భద్రతా నియమం. గోధుమపిండిలో పదో వంతు గ్లూటెన్ అనుకుంటే, ఒక చెంచా పిండి పాతిక కిలోల జొన్నపిండిని ఆ హద్దు దాకా తీసుకపోతది. కొందరు అక్కలు అటక మీది ఇసుర్రాయి దించిన్రు. చేతులు నొస్తయి, పని ఆలస్యమైతది, అయినా ఆ పిల్లకు చేసే పిండికి అదే నయమన్నరు. జల్లెడ, పళ్లెం, డబ్బా కూడా వేరుగ పెట్టుకున్నం. కూట ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతరు కాబట్టి కారం బిస్కెట్లలో దాన్ని తీసేసినం. బజార్ల దొరికే జొన్న, రాగి బిస్కెట్లలో చాలావాటిల మైదానో గోధుమపిండో ఉంటది. పేరు చూసి కొనొద్దు, వెనుక అచ్చేసిన సరుకుల పట్టీ చదవాలె.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నది. దాని తర్వాత జొన్న బిస్కెట్‌కు గిరాకీ వచ్చింది, మంచిదే. కానీ ఆరోగ్యానికని తినే టీచరమ్మకు గోరంత గోధుమ కలిసినా ఏమీ కాదు, పడని పిల్లకు కలిస్తే పేగు దెబ్బతింటది. ఇద్దరికీ ఒకే డబ్బాలోంచి అమ్మొద్దని మా అభిప్రాయం. ల్యాబ్ పరీక్ష చేయించేదాక మా ప్యాకెట్ మీద గ్లూటెన్ లేదని రాయడం లేదు. జొన్నలు, బియ్యం, బెల్లం, నెయ్యి ఉన్నయి, గోధుమ, మైదా వేయలేదు, పిండి ఇసుర్రాయి మీద పట్టినం అని ఉన్నదున్నట్టు రాస్తున్నం. చదువు రాని తల్లి కొంటే అమ్మే అక్కనే అది చదివి వినిపిస్తున్నది.