బావికి లెక్క కట్టినవాళ్ళు

మూడు మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి బావి. అందులో నాలుగు మీటర్ల లోతు నీళ్ళు. నిన్న రాత్రి ఆ వీధిలో ఇద్దరికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఇప్పుడు ఆ బావిలో బ్లీచింగ్ పౌడర్ ఎంత కలపాలి?

చూడ్డానికి తొమ్మిదో తరగతి లెక్కలా ఉంటుంది. కానీ ఇరవయ్యో శతాబ్దంలో చాలా ఏళ్ళపాటు నందిగామ, జగ్గయ్యపేట లాంటి చోట్ల కలరా ఇద్దరితో ఆగుతుందా, ఇరవై మందిని పట్టుకుపోతుందా అన్నది ఇలాంటి లెక్కల మీద ఆధారపడేది. లెక్క కట్టేది డాక్టరు కాదు, శానిటరీ ఇన్‌స్పెక్టరు. కొన్నాళ్ళకి పేరు మారి హెల్త్ ఇన్‌స్పెక్టరయ్యాడు. మన కథల్లో కరణం ఉన్నాడు, మునసబు ఉన్నాడు, బడిపంతులూ పోస్టుమానూ ఉన్నారు. ఈయన మాత్రం నాకు పెద్దగా తగల్లేదు. కారణం ఊహించొచ్చు. ఆయన పని సరిగ్గా చేసిన రోజున ఊళ్ళో ఏమీ జరగదు. ఏమీ జరగని రోజు మీద కథ రాయడం కష్టం, చరిత్ర రాయడం ఇంకా కష్టం.

ముందు నేల సంగతి చెప్పుకోవాలి. కృష్ణా జిల్లా అనగానే అందరికీ కాలవలూ వరిచేలూ గుర్తొస్తాయి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఆ భాగ్యం డెల్టాకి దక్కింది. నందిగామ తాలూకా ఆనకట్టకి ఎగువన ఉన్న మెట్ట. జగ్గయ్యపేట కూడా చాలాకాలం ఆ తాలూకాలోదే. ఒకప్పటి బేతవోలు అది. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తండ్రి పేరు మీద పేట కట్టించాక జగ్గయ్యపేట అయింది. ఈ వైపు నీళ్ళంటే చెరువు, బావి, లేదంటే మునేరు, పాలేరు ఇసకలో తవ్వుకున్న చెలమ. పెద్ద కాలవ కళ్ళజూడాలంటే 1967లో నీళ్ళు వదిలిన సాగర్ ఎడమ కాలవ ఈ చివరికి చేరేదాకా ఆగాల్సి వచ్చింది. ఎండాకాలంలో నీళ్ళు అడుగంటితే ఊరంతా మిగిలిన ఒకటి రెండు బావుల మీద పడేది. కలరాకి అంతకంటే ఏం కావాలి?

ఇంగ్లీషు ప్రభుత్వానికి మొదట్లో ఈ బావుల మీద ధ్యాసేమీ లేదు. 1864లో మద్రాసులో శానిటరీ కమిషన్ పెట్టినప్పుడు వాళ్ళ దిగులంతా బారకాసుల్లో రోగాలతో పోతున్న తెల్ల సిపాయిల గురించి. ఊళ్ళ వంక చూపు మెల్లగా తిరిగింది. 1884 లోకల్ బోర్డుల చట్టంతో పారిశుద్ధ్యం బోర్డుల నెత్తిన పడింది గానీ, దానికి సరిపడా డబ్బు చేతిలో పడలేదు. 1892 నుంచి శానిటరీ కమిషనరుగా ఉన్న డబ్ల్యూ. జి. కింగ్ మశూచి టీకాల మీద పట్టుబట్టాడు. 1899లో గిండీలో మొదలైన కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆయన పేరుతోనే ఉంది. దూడల నుంచి తీసిన టీకా మందు అక్కడ తయారయ్యేది. 1920లలో జిల్లాకో హెల్త్ ఆఫీసరు, ఆయన కింద ఇన్‌స్పెక్టర్లు అన్న ఏర్పాటు కుదురుకుంది. ఆ తర్వాత 1939లో మద్రాసు పబ్లిక్ హెల్త్ చట్టం వచ్చింది. ప్రజారోగ్యం మీద దేశంలో వచ్చిన మొదటి సమగ్ర చట్టంగా దాన్ని చెబుతారు. తాగునీరు, మురుగు, మరుగుదొడ్లు, దోమలు, అంటురోగాలు, తిండి పదార్థాలు, తిరునాళ్ళు, అన్నీ అందులో ఉన్నాయి. మున్సిపాలిటీలు తమ ఆదాయంలో కనీసం 30 శాతం, జిల్లా బోర్డులు 12.5 శాతం ప్రజారోగ్యానికి తీసి పెట్టాలని కూడా రాశారు. ఆ అంకెలు చూసినప్పుడల్లా నాకు ఇప్పటి బడ్జెట్లు గుర్తొస్తాయి. సరే, ఆ గొడవ వేరు.

చట్టం ఇన్‌స్పెక్టరుకి అధికారమిచ్చింది. పని మాత్రం ఒక చిన్న పెట్టెతో నడిచింది.

అంతకుముందు కలరా వస్తే బావిలో పొటాషియం పర్మాంగనేట్ వేసేవాళ్ళు. ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ 1890లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. ఆ రంగు చూసి జడిసి జనం పక్కనున్న చెరువుకి పోతే మొదటికే మోసం. తర్వాత బ్లీచింగ్ పౌడర్ వచ్చింది. దాంతో చిక్కేమిటంటే అన్ని బావులకీ ఒకే మోతాదు పనికిరాదు. ఆకులు రాలి కుళ్ళిన బావిలో ఆ కుళ్ళే క్లోరిన్‌ని ముందుగా తినేస్తుంది, క్రిముల్ని చంపడానికి మిగిలేది తక్కువ. బ్రిటిష్ సైన్యంలో డాక్టరుగా పనిచేసిన విలియం హారాక్స్ దీనికో పెట్టె తయారుచేశాడు. ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు, చిన్న చెంచా, చుక్కలు వేసే గొట్టాలు, ఒక సీసాలో పిండి కలిసిన ఇండికేటరు. నల్ల కప్పులో రెండు గ్రాముల పౌడరుని నీళ్ళతో కలిపి తేరుకోనిస్తారు. ఆరు తెల్ల కప్పుల్లోనూ ఆ బావి నీళ్ళే పోస్తారు. నల్ల కప్పులోని తేటని మొదటి కప్పులో ఒక చుక్క, రెండోదాంట్లో రెండు, అలా ఆరోదాంట్లో ఆరు చుక్కలు వేస్తారు. అరగంట ఆగి ఒక్కోదాంట్లో మూడు చుక్కల ఇండికేటరు వేస్తే కొన్ని కప్పులు నీలంగా మారతాయి. వరసలో మొదట నీలమైంది ఏ కప్పో చూసుకోవాలి. మూడోదనుకోండి, ప్రతి 455 లీటర్లకీ ఆరు గ్రాముల పౌడరు కావాలి. ఈ 455 ఎక్కడిదంటే, పాత వంద గ్యాలన్లు.

మన బావిలో ఉన్నవి సుమారు 28,260 లీటర్లు. మూడో కప్పు లెక్కన 370 గ్రాములు పైచిలుకు. దాన్ని తెచ్చి బావిలో గుమ్మరించడం కాదు. బకెట్‌కి వంద గ్రాములు మించకుండా వేసి, ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుక్కి దిగేదాకా ఆగాలి. పైనున్న తేటని ఇంకో బకెట్లోకి వంచుకోవాలి. సున్నం పారెయ్యాలి, అది బావిలో పడితే నీళ్ళ కఠినత్వం పెరుగుతుంది. తేటనీళ్ళ బకెట్‌ని తాడుతో దించి, నీటి లోపల పైకీ కిందికీ, అటూ ఇటూ ఆడించాలి. ఇదంతా నాలుగుసార్లు. ఆ తర్వాత గంటసేపు ఎవరూ చేద వెయ్యకూడదు. బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ ముందు ఆ గంటని కాపలా కాయడం రసాయనశాస్త్రం కంటే కష్టమైన పనని నా అనుమానం. రోగం ప్రబలినప్పుడు రాత్రిపూట, ఊరు నీళ్ళు తోడుకోవడం అయిపోయాక ఈ పని చెయ్యమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. వాటిని రాసినవాళ్ళెవరో బావి దగ్గర నిలబడ్డవాళ్ళే.

బావుల తర్వాత తిరునాళ్ళు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ పెద్ద తిరునాళ్ళ మాఘ పౌర్ణమికి జరుగుతుంది. గుడి మునేటి ఒడ్డున. స్నానాలు ఏట్లోనే. రెండేళ్ళకోసారి విగ్రహాలు రంగులు వేయించుకోవడానికి జగ్గయ్యపేట వస్తాయి, వెంట జనం. ఇలాంటి చోట ఒక్కరికి కలరా ఉండి, వాళ్ళ గుడ్డలు ఏట్లో ఉతికితే, తిరుగు ప్రయాణంలో ఆ రోగం ఎన్ని ఊళ్ళ బండ్లెక్కుతుందో చెప్పలేం. అందుకే 1939 చట్టంలో జాతరలకీ ఉత్సవాలకీ విడిగా ఒక అధ్యాయం పెట్టారు. ఆ చట్టం వచ్చిన నాటి రాజాజీ మంత్రివర్గంలో ప్రజారోగ్యమూ దేవాదాయమూ రెండూ టి. ఎస్. ఎస్. రాజన్ శాఖలే. యాదృచ్ఛికమే కావచ్చు గానీ, ఆ రెండు ఫైళ్ళూ ఒకే బల్ల మీద ఉండాల్సినవే.

ఈ తాలూకాకి ఇంకో చిక్కు సరిహద్దు. 1948 దాకా జగ్గయ్యపేట దాటి పడమరకి కొద్ది మైళ్ళు పోతే నిజాం రాజ్యం. అంతేనా, నందిగామకీ బెజవాడకీ మధ్య పరిటాల, దాని చుట్టుపక్కల కొన్ని ఊళ్ళు, బ్రిటిష్ జిల్లా నడుమ దీవిలాగా నిజాం ఏలుబడిలోనే ఉండేవి. కలరాకి ఎవరి రాజ్యమో పట్టదు. మద్రాసు చట్టం చేతబట్టుకున్న ఇన్‌స్పెక్టరు మాత్రం పొలిమేర దగ్గర ఆగాల్సిందే.

ఇక్కడిదాకా చదివి ఆయన్ని మహాత్ముణ్ణి చేసేస్తే తప్పు. ఇంట్లోకొచ్చి చూసే అధికారమున్న మనిషిని ఎవరూ ప్రేమించరు. టీకా వేస్తే అమ్మవారికి కోపమొస్తుందని పిల్లల్ని దాచిన తల్లులది మూఢత్వమని తేల్చెయ్యడం తేలిక. టీకా పొక్కి బిడ్డకి జ్వరమొస్తే రెండ్రోజుల కూలి పోయేది ఆ తల్లికే. నోటీసు ఏ గుమ్మానికి ఇవ్వాలో, ఏ దొడ్డి వెనక పెంటకుప్ప చూడనట్టు పోవాలో తెలియని చిన్న ఉద్యోగి ఏ శాఖలోనూ ఉండడు. పైగా ఊరికి ఒక్క బావి ఉండేది కాదు. ఊరి బావి వేరు, మాలపల్లె బావి వేరు, మాదిగవాడ బావి వేరు. హారాక్స్ పెట్టెకి ఆ తేడా తెలియదు. పెట్టె ముందు ఏ బావి దగ్గర తెరిచేవారన్నది వేరే సంగతి.

మరుగుదొడ్ల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. పట్టణాల్లో పాకీ పని చేసినవాళ్ళు, కోస్తాలో చాలాచోట్ల రెల్లివాళ్ళు, ఇన్‌స్పెక్టరు మస్టరు కిందే ఉండేవాళ్ళు. హాజరు పుస్తకం ఆయన చేతిలో, తట్ట వాళ్ళ నెత్తిన. ఊరికి రోగం రాకుండా చూసే ఏర్పాటులో రోగానికి అందరికంటే దగ్గరగా నిలబెట్టింది వాళ్ళని. ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకొకటి చెయ్యాల్సొచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ ఉద్యోగం ఒకవైపు గెలుస్తూ ఇంకోవైపు కరిగిపోయింది. 1953లో మలేరియా నియంత్రణ, 1958లో నిర్మూలన పథకం. డీడీటీ చల్లేవాళ్ళొచ్చారు. జ్వరాలు కనుక్కుని రక్తం చుక్క గాజుపలక మీద తీసుకునేవాళ్ళు రెండు వారాలకోసారి ఇంటింటికీ తిరిగారు. వచ్చిన తేదీలు గోడ మీద రాసేవాళ్ళు. మశూచి 1975లో పోయింది. ఈలోగా 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఒక్కో రోగానికి ఒక్కో మనిషి ఎందుకు, అందర్నీ కలిపి బహుళార్థ ఆరోగ్య కార్యకర్తల్ని చేద్దాం అంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అదే దశకంలో కుటుంబ నియంత్రణ టార్గెట్లు ముంచుకొచ్చాయి. ఎన్ని బావులు చూశావని కాకుండా ఎన్ని ఆపరేషన్లు తెచ్చావని అడగడం మొదలైంది.

మిగిలిన పనులు తలో ఆఫీసుకీ పోయాయి. కల్తీ తిండి 1954 చట్టం కింద ఫుడ్ ఇన్‌స్పెక్టరుకి. ఫ్యాక్టరీల మురికినీరు 1974 చట్టం తర్వాత కాలుష్య నియంత్రణ మండలికి. సున్నపురాయి, సిమెంటు ఉన్న జగ్గయ్యపేట వైపు ఇదేమీ చిన్న విషయం కాదు. ఊళ్ళలో పైపులు నీటి సరఫరా ఇంజనీర్లకి, చెత్త పంచాయతీకి. 2019లో సచివాలయాలు వచ్చాక పట్టణాల్లో వార్డుకో శానిటేషన్, ఎన్విరాన్‌మెంట్ కార్యదర్శి వచ్చారు. ఇన్ని కుర్చీల మధ్య నీళ్ళ రుచి చూసే బాధ్యత ఎవరిదో వెంటనే చెప్పడం కష్టం. సరిగ్గా ఈ కాలంలోనే నీళ్ళు కూడా కనపడకుండా పోయాయి. బావి నోరు తెరుచుకుని ఉండేది, వంగి చూస్తే లోపలేముందో తెలిసేది. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి మురుక్కాలవ పక్కనుంచి పోయే పైపు ఎక్కడ చిట్లిందో వంగి చూస్తే తెలియదు. కరెంటు పోయి పైపులో ఒత్తిడి తగ్గినప్పుడు ఆ చిట్లిన చోటు నుంచి బయటి మురుగు లోపలికి పోతుంది.

2024 జూన్‌లో జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్ళలో అతిసారం ప్రబలింది. మరణాల వార్తలూ వచ్చాయి. వైద్య శిబిరాలు పెట్టారు, నీటి నమూనాలు తీశారు, మంత్రులొచ్చి చూసి వెళ్ళారు. వాంతులు, విరేచనాలు, సెలైన్లు: వార్తల్లో వాడిన మాటలు చాలావరకు పాత కలరా రోజుల మాటలే.

పైపు నీళ్ళకీ ఒక పరీక్ష ఉంది. హారాక్స్ పెట్టె కంటే చాలా తేలిక. గాజు గొట్టంలో కుళాయి నీళ్ళు పట్టి కొన్ని చుక్కల మందు వేస్తే, క్లోరిన్ ఉంటే రంగు తిరుగుతుంది. పాత ఆర్థోటాలిడిన్ అయితే పసుపు, ఇప్పుడు వాడే డీపీడీ అయితే గులాబీ. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ఒక్క నిమిషం పని. అయితే దాన్ని ట్యాంకు కింద చేసి లాభం లేదు, అక్కడ క్లోరిన్ ఎప్పుడూ ఉంటుంది. పైపు ఆగిపోయే చిట్టచివరి కుళాయి దగ్గర, నీళ్ళొదిలే తెల్లవారుజామున చెయ్యాలి. ఈ ఊళ్ళలో ఆ చివరి కుళాయి ఎక్కువగా ఉండేది ఒకప్పుడు వేరే బావి తవ్వించిన వాడలోనే.