పేరుకు సెల్ఫ్, బ్రతుకు పరాధీనం

పాత కారులో తాళంచెవి త్రిప్పినా ఇంజను కదలకపోతే మన ఊళ్ళలో డ్రైవరు మొదలు దారిన పోయే దానయ్య వరకు అందరూ అనే మాట ఒక్కటే: "సెల్ఫ్ తీసుకోవడం లేదు." సెల్ఫ్ స్టార్టర్ అన్న ఆంగ్ల సమాసంలో ఉత్తరపదం లోపించి, పూర్వపదమే నామవాచకంగా నిలిచింది. సత్యభామను సత్య అని పిలిచినట్లన్నమాట. భాషకు ఇందులో దోషమేమీ లేదు. కాని 'స్వయం' అని పేరు పెట్టుకున్న ఈ పరికరం స్వయంగా చేయగలిగినది దాదాపు శూన్యం. ఆ సంగతి మరచినందువల్లనే దోషం ఒకచోట ఉండగా డబ్బు మరొకచోట ఖర్చవుతున్నది. ఇది తెలియాలంటే కొంచెం చరిత్ర తెలియాలి.

ఆవిరి యంత్రానికి ఆవిరి అందితే చాలు, కదులుతుంది. పెట్రోలు ఇంజను అట్లా కాదు. గాలితో కలిసిన పెట్రోలును లోనికి పీల్చి, నొక్కిపెట్టి, నిప్పురవ్వ తగిలించిన తరువాతనే దానికి బలం పుడుతుంది. ఆ మొదటి కొన్ని చుట్లు ఎవరో ఒకరు త్రిప్పాలి. తొలి రోజులలో ఆ 'ఎవరో' మనిషే. కారు ముందు నిలబడి, ఇనుప హ్యాండిలు దూర్చి, భుజబలంతో త్రిప్పేవాడు. పిస్టన్ పైకి చేరకముందే నిప్పురవ్వ పుడితే ఇంజను వెనక్కు తన్నేది. హ్యాండిలు ఎదురు తిరిగి మణికట్టు ఎముక విరిచేది. ఆ విరుపునకు వైద్యులు 'షోఫర్ ఫ్రాక్చర్' అనే పేరే పెట్టుకున్నారు. షోఫర్ అన్న ఫ్రెంచి మాటకు మూలార్థం వేడి చేయువాడు, అంటే కొలిమి రాజేయువాడు. కారు నడపడానికి నేర్పు ఒక్కటే చాలని రోజులవి. కండబలం తక్కువైనవారికీ, వృద్ధులకూ, చాలమంది స్త్రీలకూ ఆ హ్యాండిలే అడ్డుగోడ.

అమెరికాలో ఒక కథ ప్రసిద్ధం. డిట్రాయిట్ దగ్గర బెల్ ఐల్ అనే ద్వీపంలో ఒక స్త్రీ కారు ఆగిపోగా, కార్ల నిర్మాత బైరన్ కార్టర్ సహాయానికి వెళ్ళాడట. హ్యాండిలు వెనక్కు తన్ని దెబ్బ తగిలిందట. ఆ గాయం చివరకు ప్రాణం మీదికి తెచ్చిందట. కార్టర్ 1908లో మరణించిన మాట నిజం. తక్కిన వివరాలను చరిత్రకారులు అంతగా నమ్మరు. క్యాడిలాక్ అధిపతి హెన్రీ లీలాండ్ ఆ మరణానికి కలత చెంది ఈ హ్యాండిలును వదిలించుకోవాలని పట్టుపట్టాడని చెప్పుకుంటారు. కథ ఎట్లున్నా, ఆయన ఆ పని అప్పగించినది ఒహాయో రాష్ట్రం డేటన్ నగరంలోని ఛార్లెస్ కెటరింగ్‌కు.

కెటరింగ్ అంతకుముందు నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో పనిచేస్తూ, దుకాణాల గల్లాపెట్టె యంత్రానికి విద్యుత్ మోటారు అమర్చినవాడు. ఇంజను త్రిప్పాలంటే పెద్ద మోటారు, బండెడు బ్యాటరీలు కావాలని నాటి నిపుణుల భావన. గల్లాపెట్టె ఆయనకు వేరొక పాఠం చెప్పింది. మోటారు రోజంతా తిరగనక్కరలేదు. కొన్ని క్షణాలు తిరిగితే చాలు. ఆ కొన్ని క్షణాలు చిన్న మోటారు చేతనే పెద్ద చాకిరీ చేయించవచ్చు. 1911లో సిద్ధమైన ఆ ఏర్పాటు 1912 మోడల్ క్యాడిలాక్ కార్లలో వచ్చింది.

మోటారు వచ్చినంత మాత్రాన తాళంచెవికి ఆ పని అబ్బలేదు. చాలకాలం కాలితో తొక్కే మీట, చేతితో లాగే పిడి, నొక్కే బొత్తాము ఉండేవి. చెవి త్రిప్పితే ఇంజను తిరిగే పద్ధతిని క్రైస్లర్ సంస్థ 1949లో తెచ్చింది. మన దేశంలో 1950ల చివర ఉత్తరపారలో మొదలై 2014లో ఆగిన అంబాసిడరు తొలితరం బండ్లకు, సెల్ఫ్ ఉండి కూడా, ముందు హ్యాండిలు దూర్చే రంధ్రం ఉండేది. అంటే కొత్త సేవకుడిని పూర్తిగా నమ్మలేదన్నమాట!

కన్నడిగులు తాళంచెవిని 'కీలికై' అంటారు, అంటే చేయి. మనం 'చెవి' అంటాం. కారు విషయంలో మన మాటే సరియైనది. హ్యాండిలు నిజంగా చేతిపని. తాళంచెవి చేసేది ఆజ్ఞ చేరవేయడమే. దాని సన్నని తీగలో పోయే విద్యుత్తు స్వల్పం. ఆ ఆజ్ఞ సోలినాయిడ్ అనే ద్వారపాలకునికి చేరితే, అతడు తలుపు తెరిచి బ్యాటరీ నుండి లావు తీగ గుండా నూరు, రెండు వందల ఆంపియర్ల ప్రవాహాన్ని మోటారులోనికి వదులుతాడు. మోటారు పళ్ళచక్రం ఫ్లైవీలును అందుకుంటుంది. ఆ చక్రాన్ని మన మెకానిక్కులు విన్సెంట్ బెండిక్స్ అనే ఆయన పేరుతో 'బెండిక్స్' అంటారు. ఆ ప్రవాహం ఇంజను ఇనుము గుండా, ఎర్తు తీగ గుండా తిరిగి బ్యాటరీని చేరాలి. ఇంతమంది సహకరిస్తేనే 'స్వయం' కదులుతుంది.

కనుక పరీక్ష కూడా ఈ వరుసలోనే సాగాలి. హెడ్‌లైట్లు వెలిగించి చెవి త్రిప్పి చూడండి. దీపాలు కొడిగట్టి, టకటక చప్పుడు వస్తే ముందు బ్యాటరీని, దాని టెర్మినల్స్ మీది చిలుమును అనుమానించాలి. పూర్తిగా ఛార్జి ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటె దిగరాదు. దీపాలు చలించక, చప్పుడే లేకపోతే ఆజ్ఞ చేరలేదని అర్థం: స్విచ్చి, సన్నతీగ చూడాలి. దీపాలు బాగా వెలుగుతూ ఒక్క 'టక్' మాత్రమే వినిపిస్తే సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు, లావు తీగలు, మోటారు బ్రష్షులు చూడాలి. మోటారు గిర్రున తిరిగి ఇంజను కదలకపోతే దోషం బెండిక్స్‌ది. దీపాలు మసకబారి, ఒక్క దెబ్బతో అంతా నిలిచిపోతే పళ్ళు ఇరుక్కొని ఉండవచ్చు. ఇగ్నిషన్ కట్టేసి, గేరులో వేసి, బండిని ముందుకు వెనుకకు ఊపితే పట్టు వదలుతుంది.

అందరూ మరచేది ఎర్తు. ఇంజను కూర్చునేది రబ్బరు దిమ్మల మీద. రబ్బరులో విద్యుత్తు పారదు. అందుకే ఇంజనుకూ బాడీకీ నడుమ అల్లిక తీగ వేస్తారు. నా మిత్రుడొకరి పాత అంబాసిడరుకు గేరుబాక్సు పని జరిగిన తరువాత సెల్ఫ్ మొండికేసింది. రెండు మోటార్లు మార్చారు. ఇక పాత ఇనుముకు తూచి ఇవ్వడమే మేలని ఇంట్లోవారు నిశ్చయించారు. చివరకు ఒక ముసలి మెకానిక్కు చోక్ తీగను వేలితో తాకి "కాలుతున్నది, ఎర్తు లేదు" అన్నాడు. బిగించడం మరచిన అల్లిక తీగకు బదులు ఆ ప్రవాహమంతా పాపం ఆ సన్నని చోక్ తీగ మోస్తున్నది! అల్లిక తీగ వేయగానే ఇంజను తిరిగింది.

రెండు హెచ్చరికలు. కొందరు స్క్రూడ్రైవరుతో సోలినాయిడ్ రెండు కొసలు కలుపుతారు. బండి గేరులో ఉంటే అది ఎదుట నిలిచినవారి మీదికే దూకుతుంది. ఈ విధంగా ప్రాణాలు పోయినవి. అలాగే 1950ల నాటి బ్రిటిష్ కార్లలో అనేకం ధనధ్రువాన్నే ఎర్తుగా పెట్టుకున్నవి. వేరొక బ్యాటరీ తగిలించేముందు అది చూచుకోవాలి.

చెవి త్రిప్పినా బండి పలకనప్పుడు మెకానిక్కును "సెల్ఫ్ పోయిందా?" అని అడగకండి. "ఎర్తు చూశారా?" అని అడగండి. మొదటి ప్రశ్నకు సమాధానం కొత్త మోటారు. రెండవ ప్రశ్నకు చాలసార్లు ఒక ఉప్పుకాగితం, ఒక స్పానరు సరిపోతాయి.