నాతవరం కొండలెక్కేవారికి ఏ జీపీఎస్ కావాలి?

1922 సెప్టెంబరు 24న గూడెం కొండల్లోని దామనపల్లి ఘాటీలో అల్లూరి సీతారామరాజు దళం మాటువేసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులను మట్టుబెట్టింది. వారి సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. మద్రాసు దగ్గర 1802లో బ్రిటిష్ అధికారి లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వేకి అప్పటికి 120 ఏళ్లు. దేశమంతా కొలిచి పటం గీసుకున్న ప్రభుత్వం గూడెం కొండల్లో కాలిబాట ఎరిగినవాళ్ల ముందు తడబడింది. దళాన్ని కాపాడింది బాటలు కాదు, జనం అండ అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కానీ కబురు అందించిన ఆ జనమే రోజూ ఆ బాటల్లో నడిచేవాళ్లు. నాతవరం నుంచి చింతపల్లి దాకా ఉన్న ఈ కొండల్లో కొత్తగా ట్రెక్కింగ్ మొదలుపెట్టేవారు పరికరం కొనేముందు ఈ చరిత్ర తెలుసుకోవాలి.

ఖరీదైన జీపీఎస్ పరికరం తొలి రోజుల్లో అక్కర్లేదని నా నిశ్చితాభిప్రాయం. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికా ఉపగ్రహాల సంకేతాన్ని 2000 మే దాకా సామాన్యులకు కావాలనే చెడగొట్టి ఇచ్చేవారు. తేడా వంద మీటర్ల దాకా ఉండేది. ఆ అడ్డు తొలగాక చేతిలోని మామూలు ఫోనే ఆరుబయట కొన్ని మీటర్ల తేడాతో చోటు చూపిస్తోంది. కొత్త ఫోన్లలో కొన్ని మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్ సంకేతాన్ని కూడా అందుకుంటాయి. దాని తొలి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచే లేచింది. టవర్ లేకపోతే జీపీఎస్ పనిచేయదనే అపోహ చాలామందిలో ఉంది. టవర్ కావలసింది మ్యాప్ దించుకోవడానికే. అందుకే ఆస్మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ వంటి యాప్‌లో ఆ ప్రాంతం పటాన్ని నర్సీపట్నంలోనే దించుకుని, డేటా ఆపేసి ఒకసారి తెరిచి చూసుకోవాలి.

ఫోన్ బ్యాటరీ అయిపోతే? వానలో తడి వేళ్లకి తెర పలకకపోతే? ఈ అభ్యంతరాలు సరైనవే. సెల్స్ మార్చుకునే, బటన్లున్న చేతి పరికరం నాలుగైదు రోజుల యాత్రకు మేలు. కానీ పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగేవారికి పవర్ బ్యాంకు, నీరు చొరని సంచి చాలు. దట్టమైన అడవిలో, ఇరుకు లోయలో ఫోనూ, చేతి పరికరమూ రెండూ తప్పు చూపగలవు. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాన్ని మాత్రం విదేశాల నుంచి తెప్పించుకోకండి. అనుమతి లేకుండా దాన్ని వెంట ఉంచుకోవడం మన దేశంలో నేరం, కేసులూ నమోదయ్యాయి.

కాగితపు పటం కూడా జేబులో ఉండాలి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లను 2017 నుంచి ఉచితంగా దించుకునే వీలుంది. కొండ వాలు ఎంత నిటారో సమోన్నత రేఖలు చెబుతాయి. పాత షీట్లు భూమి ఆకారానికి ఎవరెస్ట్ అనే పాత లెక్క ప్రకారం గీసినవి, ఫోన్ వాడే లెక్క వేరు కాబట్టి, ఫోన్ చూపే అక్షాంశ రేఖాంశాలను సరిచేయకుండా వాటి మీద గుర్తిస్తే వంద మీటర్లో, అంతకు మించో పక్కకు పోవచ్చు. ఇక యాప్‌లో గీత లేని బాట ఊరివాళ్లకు రోజువారీ దారి కావచ్చు. గీత ఉన్న చోట శ్రావణంలో వాగు పొంగి ఉండవచ్చు. ఈ సంగతి ఏ ఉపగ్రహమూ చెప్పదు. తాండవ జలాశయం వైపు కొండలెక్కేవారు అటవీ శాఖ అనుమతి తీసుకుని, ఆ ఊరి మనిషినొకరిని న్యాయమైన కూలి ఇచ్చి వెంట తీసుకువెళ్లండి. పరికరం కొనాలనుకున్న డబ్బులో కొంత ఆ కూలికి పక్కనపెట్టండి.