పైకం ఎవరిది? ప్రశ్న ఎవరిది?

నా దగ్గర డిగ్రీలో తెలుగు చదువుకున్న ఒక కుర్రవాడు, తర్వాత అర్థశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసి, పరిశోధనకు దరఖాస్తు పెట్టుకునే వేళ నన్ను వెదుక్కుంటూ వచ్చాడు. వాళ్ల నాన్న కౌలుకు సేద్యం చేస్తాడు. "మాస్టారూ! మా ఊళ్లో పొలం దున్నేవాడికి బ్యాంకులో అప్పు పుట్టదు, పొలం గట్టు తొక్కని వాడికి పుడుతుంది. ఇదెందుకు జరుగుతున్నదో లెక్కలతో సహా రాస్తాను" అన్నాడు. ఇద్దరం కూర్చుని నాలుగు పేజీల ప్రణాళిక తయారుచేశాం. పది రోజులకు మళ్లీ వచ్చాడు. ఆ అంశానికి పైకం లేదట. పల్లెల్లో ఫోను ద్వారా చెల్లింపులు ఎలా పెరుగుతున్నవో పరిశీలించే పథకం ఒకటి నడుస్తున్నదట. అందులో చేరితే నెలనెలా జీతం లాంటిది వస్తుందట. ఏం చెయ్యమంటారని అడిగాడు. ఇంటి పరిస్థితి నాకు తెలుసు. "ముందు చేరు నాయనా, కౌలు సంగతి తర్వాత చూసుకోవచ్చు" అన్నాను.

ఆ "తర్వాత" ఇంతవరకు రాలేదు. నేను చెప్పిన ఆ సలహాయే నాచేత ఈ వ్యాసం రాయిస్తున్నది.

పరిశోధనకు డబ్బిచ్చేవాడు పరిశోధకుని చేత అబద్ధాలు రాయిస్తాడని మనలో చాలామంది అనుకుంటాం. చరిత్ర చూస్తే సంగతి అంత మోటుగా లేదు. చాలా సందర్భాలలో అతడు జవాబు జోలికే పోడు. ఏ ప్రశ్న వెయ్యాలో నిర్ణయిస్తే చాలు, తక్కిన పని పండితులు నిజాయితీగానే చేసిపెడతారు.

ఈ కథ మొదలైన చోటుకు పోదాం. 1914 ఏప్రిల్ 20న అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని లడ్లో అనే చోట, సమ్మెలో వున్న బొగ్గుగని కార్మికుల గుడారాలను సాయుధ దళాలు తగలబెట్టాయి. ఒక గుడారం కింది గోతిలో తలదాచుకున్న ఇద్దరు స్త్రీలు, పదకొండుమంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. ఆ గనుల కంపెనీ రాక్‌ఫెల్లర్ల అదుపులోనిది. అంతకు ముందటేడే, అనగా 1913లో, ఆ కుటుంబం రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌ను స్థాపించింది. లడ్లో దారుణం జరిగిన కొద్దినెలలకే ఆ ఫౌండేషన్ పారిశ్రామిక సంబంధాలపై పరిశోధనకు పూనుకుని, తర్వాత కెనడా ప్రధాని అయిన మెకెంజీ కింగ్‌ను అందుకు నియమించింది. కార్మికుణ్ణి చంపినదెవరు అన్న ప్రశ్న పక్కకు జరిగి, కార్మికుడూ యజమానీ సామరస్యంగా ఎలా మెలగాలి అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. అమెరికా ప్రభుత్వం నియమించిన వాల్ష్ కమిషన్ ఈ దానం వెనుక వున్న లోగుట్టును బహిరంగంగా నిలదీసింది. దెబ్బతిన్న ఫౌండేషన్ కొంతకాలం సామాజిక శాస్త్రాలకు ఎడంగా వుండిపోయింది. మళ్లీ 1920లలో, లారా స్పెల్మన్ రాక్‌ఫెల్లర్ స్మారకనిధి రూపంలో, ఆ సొమ్ము విశ్వవిద్యాలయాల ద్వారా ప్రవహించింది. ఈసారి పద్ధతి మారింది. దాత దూరంగా నిలబడతాడు; సంస్థ, ఆచార్యుడు, గ్రంథాలయం ముందు కనిపిస్తారు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు, అది న్యాయమైనదే. ఆ సొమ్ముతో పెరిగిన సంస్థలలో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఒకటి. అక్కడే పెట్టుబడిదారీ విధానాన్ని ఎండగట్టిన హెరాల్డ్ లాస్కీ 1950లో కన్నుమూసేదాకా పాఠం చెప్పాడు. కాబట్టి ధనికుని సొమ్ము తిన్న ప్రతివాడూ ధనికుని మాటే పలుకుతాడనడం వాస్తవం కాదు. మనిషి వ్యక్తిగా ఎదురు తిరగగలడు. కాని ఏ శాఖకు ఎన్ని కుర్చీలు, ఏ అంశానికి ఎందరు విద్యార్థులు అన్నది ఒక్క లాస్కీ చేతిలో వుండదు గదా!

మన దేశానికి వద్దాం. ఫోర్డ్ ఫౌండేషన్ 1952లో ఢిల్లీలో కార్యాలయం తెరిచింది. 1956లో ఏర్పడిన ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్‌కు దాని సాయం అందింది. 1961లో కలకత్తాలో, అహమ్మదాబాదులో వెలసిన మేనేజిమెంటు సంస్థలకూ అందింది, మొదటిదానికి ఎం.ఐ.టి., రెండవదానికి హార్వర్డ్ బిజినెస్ స్కూలు చేయూతనిచ్చాయి. ఈ సంస్థలు పనికిరానివని నేను అనను. కాని యజమాని దృష్టితో పరిశ్రమను చదివే శాస్త్రానికి అంత పెద్ద భవనాలు లేచిన కాలంలో, కూలివాని దృష్టితో పరిశ్రమను చదివే శాస్త్రానికి అటువంటి భవనం ఒక్కటి లేచిందా?

మన తెలుగునేల మీదా ఇటువంటి ఘట్టం ఒకటి వుంది. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటలో గ్రామసేవా పథకం నడిపారు. దాని ఆధారంగా ఎస్.సి. దూబే 1955లో ప్రకటించిన "ఇండియన్ విలేజ్" ప్రపంచమంతటా పాఠ్యగ్రంథమైంది. ఆ గ్రంథం విలువను తగ్గించి చూపడం నా ఉద్దేశం కాదు. కులాలనూ, కుటుంబాలనూ, పండుగలనూ అంత ఓపికగా రాసినవారు అరుదు. అయితే తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని విరమించినది 1951 అక్టోబరులోనే అన్న సంగతి మరువరాదు. పల్లె ఎలా బతుకుతున్నది అన్న ప్రశ్నకు విశ్వవిద్యాలయం తలుపు తెరిచింది. భూమి ఎవరిది అన్న ప్రశ్న మాత్రం అడవుల్లో, జైళ్లలో మిగిలింది. మరుసటి ఏడు, 1952 అక్టోబరు 2న, అమెరికా సాంకేతిక సహాయంతో 55 సామాజికాభివృద్ధి పథకాలు దేశంలో ప్రారంభమైనాయి. పల్లెను గూర్చిన పరిశోధనకు గిరాకీ పెరిగింది ఆ తర్వాతనే.

తెర పూర్తిగా తొలగిన సందర్భాలూ వున్నాయి. 1964లో అమెరికా సైన్యం "కామెలాట్" అనే పథకం తలపెట్టింది. ఏ దేశంలో ఎప్పుడు తిరుగుబాటు వస్తుందో సామాజిక శాస్త్రజ్ఞుల చేత ముందుగా కనిపెట్టించడం దాని లక్ష్యం. 40 నుంచి 60 లక్షల డాలర్లు ఖర్చు కాగలదని అంచనా. అప్పట్లో చిలీలో పాఠం చెబుతున్న నార్వే శాస్త్రజ్ఞుడు యోహాన్ గాల్టుంగ్‌కు ఆహ్వానం వస్తే, ఆయన తిరస్కరించి, సంగతి అక్కడి సహచరులకు తెలిపాడు. చిలీలో గగ్గోలు పుట్టింది. 1965 జులైలో పథకం రద్దయింది. 1968లో మన పార్లమెంటులోనూ ఇటువంటి దుమారమే రేగింది: హిమాలయ సరిహద్దు దేశాలపై కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ వారు చేపట్టిన పరిశోధనకు పెట్టుబడి అమెరికా రక్షణ శాఖదని బయటపడింది.

ఆ మరుసటి సంవత్సరం, 1969లో, భారత సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి ఏర్పడింది. డి.ఆర్. గాడ్గిల్ తొలి అధ్యక్షుడు, జె.పి. నాయక్ తొలి సభ్య కార్యదర్శి. మన ప్రశ్నలు మన ప్రజల సొమ్ముతో మనమే వేసుకోవాలన్న ఆకాంక్ష అందులో వుంది. అది చిన్న విజయం కాదు. కాని ప్రజల సొమ్ము అన్నంత మాత్రాన ప్రజల ప్రశ్న దానంతటదే రాదని తర్వాతి కాలం మనకు నేర్పింది. 2015 అక్టోబరులో యూ.జీ.సీ., నెట్ లేని పరిశోధక విద్యార్థులకు ఇచ్చే వేతనాన్ని నిలిపివేయాలని నిర్ణయించింది. పిహెచ్.డి. విద్యార్థికి అది నెలకు 8,000 రూపాయలు. ఆ ఎనిమిది వేల కోసం విద్యార్థులు ఢిల్లీలో యూ.జీ.సీ. కార్యాలయం ముందు బైఠాయించి లాఠీదెబ్బలు తినవలసివచ్చింది. 2022 డిసెంబరులో, మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను ఎత్తివేసినట్టు ప్రకటించారు. 2023లో పార్లమెంటు అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్ చట్టం చేసింది. ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు సమకూరుతాయనీ, అందులో సుమారు 36,000 కోట్లు ప్రభుత్వేతర మార్గాల నుంచి రావాలనీ చెప్పారు. ఆ చట్టం పరిధిలో సామాజిక శాస్త్రాలకు చోటు, అవి విజ్ఞాన, సాంకేతిక శాస్త్రాలను తాకే సరిహద్దు దగ్గర మాత్రమే. అంటే ఫోను చెల్లింపులకు తలుపు తెరిచివుంది. కౌలురైతు గడప బయట నిలబడ్డాడు.

ఆ కుర్రవాడి ప్రశ్న చిన్నదా? హైదరాబాదు రాష్ట్రంలో 1950లోనే కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదారులను గుర్తించింది. ఆంధ్ర ప్రాంతానికి 1956లో కౌలు చట్టం వచ్చింది. 2011లో సాగుదారుకు రుణార్హత కార్డు ఇచ్చే చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ పంటసాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. అందులో భూయజమాని సంతకం చేసిన ఒప్పందమే కార్డుకు ఆధారం. ఇన్ని చట్టాల తర్వాత కూడా దున్నేవాడికి అప్పు ఎందుకు పుట్టడంలేదు? ఇది అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం, వ్యాపారశాస్త్రం మూడూ కలిసి జవాబు చెప్పవలసిన ప్రశ్న. ఆనాటి శామీర్‌పేటలోనే ఇవాళ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వుంది. 1950 నాటి చట్టం వల్ల ఆ ఊళ్లో ఎవరికి ఎంత భూమి దక్కింది, ఎవరి నుంచి ఎంత జారిపోయింది అని తరగతిగది దాటి వెళ్లి అడిగే విద్యార్థి ఎవరైనా వుంటే, అతని నెల ఖర్చు ఎవరు భరించాలి?

మనమే భరించాలని అనడం సులభం. జీతగాళ్లం, ఎంతమందిని మొయ్యగలం? కాబట్టి ప్రజాధనం మీద హక్కును వదులుకోకూడదు. ఫెలోషిప్‌ల కోసం విద్యార్థులు చేసే పోరాటాన్ని జీతభత్యాల గొడవగా చూసి తప్పుకునే అధ్యాపకులు, అది జ్ఞానం ఎవరి పక్షాన నిలవాలన్న పోరాటమని గుర్తించాలి. పథకం పైకంతో చేసే పనిలో కూడా ఒక అధ్యాయం మన ప్రశ్నకు మిగుల్చుకోవచ్చు. పరిశోధన ఫలితాన్ని, ఎవరిని గూర్చి రాశామో వారు చదవగల తెలుగులో వారికి అప్పగించాలి. ఈ చివరి పనికి ఏ దాత అనుమతీ అక్కరలేదు.

కిందటి సెలవుల్లో ఆ కుర్రవాడికి ఉత్తరం రాశాను. మనం రాసుకున్న ఆ నాలుగు పేజీలు నా దగ్గర భద్రంగా వున్నాయనీ, నేను ఇచ్చిన సలహా సగమే సరైనదనీ, ఆదివారాలు ఇద్దరం కలిసి వాళ్ల ఊళ్లో ఇరవై ఇళ్లతో మొదలుపెడదామనీ రాశాను. ఇరవై ఇళ్ల లెక్కతో శాస్త్రం పూర్తికాదు. కాని ప్రశ్న బతికివుంటుంది.